ఉదయగిరా, చంద్రగిరా, కొండవీడా? మన జిల్లా నుంచి ఏ కొండ రాజధానికి వెళ్లాలి

నెల్లూరు, ఒంగోలు వైపు వాళ్లకు రెండు రోజులు సెలవు దొరికితే చాలు, ‘ఏదైనా కోట చూసొద్దాం’ అంటూ ఫోన్లో గండికోట ఫొటోలు తిప్పడం మొదలుపెడతారు. గండికోట బావుంటుంది, కాదనను. కాకపోతే చాలామంది అక్కడికి పోయేది పెన్నా లోయ అంచున నిలబడి ఫొటో దిగడానికి. కోట చూడాలి, దాని వెనకున్న కథ తెలియాలి, ఒక కొండ ఊరు అంత పెద్ద ప్రాంతాన్ని ఎలా ఏలిందో అర్థం కావాలి అనుకునేవాళ్లకు ఇంతకంటే దగ్గర్లో మూడు చోట్లున్నాయి: మన జిల్లాలోనే ఉదయగిరి, తిరుపతి పక్కన చంద్రగిరి, చిలకలూరిపేట దాటాక కొండవీడు.

ఈ మూడింటినీ ఒక గాటన కట్టడానికి కారణం ఉంది. విజయనగర రాజులు తమ సామ్రాజ్యాన్ని రాజ్యాలుగా పంచి ఏలారు. ఉదయగిరి రాజ్యం, చంద్రగిరి రాజ్యం, కొండవీటి రాజ్యం అలాంటివే. ఒక్కోదానికి ఒక కొండ, కొండ కింద ఒక ఊరు, ఆ ఊళ్లో రాజు తరఫున పాలించే దొర. తొలి రోజుల్లో ఆ దొర చాలాసార్లు రాజకుటుంబం మనిషే. ఇప్పుడు చంద్రగిరి తిరుపతిలో కలిసిపోయినట్టే ఉంది, కొండవీడు పల్లెటూరు, ఉదయగిరి మండల కేంద్రం. అయినా మూడూ ఒకటి కావు. ఎవరితో వెళ్తున్నారు, మోకాళ్లు ఎలా ఉన్నాయి, ఏ నెల అన్నదాన్ని బట్టి ఎంపిక మారుతుంది.

నా పక్షపాతం ముందే చెప్పేస్తా. మన వాళ్లు ఎక్కువగా చూసి ఉండాల్సింది ఉదయగిరి, అతి తక్కువగా చూసిందీ అదే. అలాగని అందరినీ అక్కడికి పొమ్మనను. అమ్మానాన్నలతో బయల్దేరితే ఉదయగిరి కొండ జోలికి పోవద్దనే చెప్తా.

దారి లెక్క

నెల్లూరు నుంచి ఉదయగిరి సుమారు 100 కిలోమీటర్లు. బుచ్చి, సంగం, ఆత్మకూరు మీదుగా పోవచ్చు. కావలి వాళ్లకు కలిగిరి, వింజమూరు, దుత్తలూరు దారి ఉంది. ఒంగోలు నుంచైతే కందుకూరు, పామూరు, దుత్తలూరు మీదుగా రావాలి. రైలు మాట మర్చిపోండి. నడికుడి–శ్రీకాళహస్తి లైను కూడా పామూరు, వింజమూరు, ఆత్మకూరు వైపు నుంచి పోయేదే తప్ప ఉదయగిరిని తాకదు. ఆర్టీసీ డిపో ఊళ్లోనే ఉంది కాబట్టి నెల్లూరు, కావలి నుంచి బస్సులకు లోటుండదు. తిరుగు బస్సు ఎన్నింటికో దిగగానే కనుక్కుని పెట్టుకోండి. కొండ దిగేసరికి సాయంత్రమైతే ఆ టెన్షన్ వేరే.

చంద్రగిరి నెల్లూరు నుంచి సుమారు 150 కిలోమీటర్లు. దూరం ఎక్కువైనా అలసట తక్కువ. తిరుపతి దాకా రైలు, అక్కడి నుంచి సిటీ బస్సో ఆటోనో. కొండవీడు ఒంగోలు వాళ్లకు దగ్గర, హైవే మీద 90 కిలోమీటర్ల చుట్టుపక్కల. నెల్లూరు నుంచైతే 200 దాటుతుంది. పొద్దున పోయి రాత్రికి రావచ్చు గానీ కారు నడిపేవాడికి మాత్రం అది సెలవు రోజులా అనిపించదు.

అందుకే నెల్లూరు వాళ్లకు అసలు పోటీ ఉదయగిరికీ చంద్రగిరికీ మధ్య. ఒంగోలు వాళ్లకు ఉదయగిరికీ కొండవీటికీ మధ్య.

ఉదయగిరి: ఆ మూల ఊరు రాజధాని ఎందుకయింది

మొదటిసారి వెళ్లిన ఎవరికైనా వచ్చే సందేహం ఇదే. సముద్రం దూరం, పెన్న దూరం, పెద్ద దారి లేదు. ఎవరు తెచ్చి ఇక్కడ రాజధాని పెట్టారు?

జవాబు ఊరికి పడమరగా కనిపిస్తుంది. అటు వెలికొండలు గోడలా నిలబడి ఉంటాయి. ఆ గోడకు ఇవతల కోస్తా, అవతల కడప సీమ. సీతారాంపురం దగ్గర కొండ దాటితే అవతల పోరుమామిళ్ల. ఇవాళ బస్సులు, లారీలు తిరిగే ఈ వైపు కనుమలే ఒకప్పుడు సైన్యాలకూ ఎడ్లబండ్లకూ దారి. ఆ దారులు చేతిలో ఉంటే రెండు వైపులా పన్ను వసూలు చేసుకోవచ్చు. ఉదయగిరి దుర్గం కొండ సుమారు మూడు వేల అడుగుల ఎత్తు. కొన్ని వైపుల దాదాపు వెయ్యి అడుగుల నిట్టనిలువు బండ, అక్కడ గోడ కట్టాల్సిన పనే లేదు. బ్రిటిషు కాలం రాతల్లో మొత్తం 13 కోటలని ఉంది. కొండ మీద 8, కింద 5.

విజయనగరం పుట్టిన కొత్తలోనే ఇక్కడ ప్రభుత్వం కుదురుకుంది. హరిహరరాయల తమ్ముడు కంపన ఇక్కడి నుంచి ఏలాడు. ఆయన తర్వాత కొడుకు రెండో సంగముడు. వేదాలకు భాష్యం రాసిన సాయణాచార్యుడు వీళ్లిద్దరి దగ్గరా మంత్రి. అంటే హంపీకి చేరకముందు ఆయన కొలువు ఉదయగిరిలోనే. సాయణుడి తమ్ముడు భోగనాథుడు 1356లో రాసిన దానశాసనం మన బిట్రగుంటకు సంబంధించింది. రైల్వే క్వార్టర్లకు, ఇంజన్ షెడ్డుకు పేరుపడ్డ ఊరి పేరు ఆరున్నర శతాబ్దాల కిందటి శాసనంలో ఉందని మనలో చాలామందికి తెలియదు.

ఇంకో సాక్ష్యం కొండకు అవతల ఉంది. బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు ఉదయగిరి నుంచి పాలిస్తూ పోరుమామిళ్ల దగ్గర అనంతరాజ సాగరం అనే చెరువు కట్టించాడు. 1369 నాటి శాసనం ఆ చెరువు పక్కనే ఉంది. రోజూ వెయ్యి మంది కూలీలు, రాళ్లు మోయడానికి వంద బండ్లు, రెండేళ్ల పని అని అందులో లెక్క రాసి పెట్టారు. మంచి చెరువుకు ఉండాల్సిన 12 అంగాలు, ఉండకూడని 6 దోషాలు కూడా చెక్కించారు. ఈ రోజుల్లో ఇరిగేషన్ ఆఫీసు గోడ మీద అంటించినా పనికొచ్చే రాత అది. నేను చెప్పదలుచుకున్నది వేరే. పాలకుడు కొండకు ఇవతల కూర్చున్నాడు, చెరువు అవతల తవ్వించాడు. మనకు మారుమూలగా కనిపించే ఊరు ఆ రోజుల్లో రెండు సీమలకూ నడుమ ఉండేది. బ్రిటిషు వాళ్ల కాలంలో రైలు కోస్తా వెంబడి పోయాకే అది మూల అయింది.

ముట్టడి కథ

కొండ ఎక్కేముందు ఇది తెలిసి ఉంటే ఆ రాళ్లు వేరేగా కనిపిస్తాయి. పదిహేనో శతాబ్దంలో ఉదయగిరి ఒడిశా గజపతుల చేతికి చిక్కింది. మధ్యలో విజయనగరం వైపు నుంచి సాళువ నరసింహుడు ప్రయత్నాలు చేసినా చివరికి మళ్లీ గజపతుల దగ్గరే ఉండిపోయింది. శ్రీకృష్ణదేవరాయలు గజపతుల మీదికి దండెత్తి మొదట పట్టుకున్నది ఈ కొండనే. 1513లో మొదలైన ముట్టడి ఏడాదిన్నర సాగి 1514 జూన్ 9న ముగిసింది.

1535 ప్రాంతంలో రాసిన పోర్చుగీసు యాత్రికుడు నూనిజ్ ఈ ముట్టడి గురించి చెప్పాడు. లోపల పది వేల కాల్బలం, 400 గుర్రాలు. బయట రాయల వైపు 34 వేల కాల్బలం, 800 ఏనుగులు. ఇంత సైన్యం ఉన్నా నేరుగా ఎక్కే దారి లేదు. అందుకే రాయలు బండలు పగలగొట్టించి, కొండల మీదుగా కొత్త బాటలు వేయించి కోట దాకా చేరాడని ఆయన రాశాడు. అంకెల్లో కాస్త గొప్పలు ఉంటే ఉండొచ్చు, ఆ కాలం రాతలు అలాగే ఉంటాయి. బండలు కొట్టిన మాట మాత్రం కొండ వాలు చూశాక నమ్మబుద్ధేస్తుంది.

కోట పడ్డాక ప్రతాపరుద్ర గజపతి పినతండ్రి తిరుమల రాహుతరాయుడు బందీగా దొరికాడు. ఉదయగిరి గుళ్లోని బాలకృష్ణుణ్ని రాయలు హంపీకి తీసుకుపోయి, అక్కడ కృష్ణాలయం కట్టించి 1515లో ప్రతిష్ఠించాడు. ఆ విగ్రహం ఇప్పుడు చెన్నై ఎగ్మూరు ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. ఆస్పత్రి పనో, పెళ్లి బట్టలో అంటూ మనం చెన్నై పోతూనే ఉంటాం. ఒక గంట పెట్టుకుని మన కృష్ణుణ్ని కూడా పలకరించి రండి.

తర్వాత రాయసం కొండమరసు ఇక్కడ పాలకుడయ్యాడు. పదహారో శతాబ్దం చివర్లో గోల్కొండ సుల్తానులు, ఆ తర్వాత ఆర్కాటు నవాబుల కింద జాగీరు. 1839లో జాగీరుదారు కుట్ర పన్నాడన్న ఆరోపణ మీద కంపెనీ వాళ్లు జాగీరు లాగేసుకున్నారు. రాజధాని కథ అక్కడితో సరి. మిగిలింది తాలూకా.

కొండ ఎక్కడం

ఇక్కడ కాస్త గట్టిగా చెప్పాలి. ఉదయగిరి దుర్గం పార్కు కాదు. టికెట్ కౌంటర్, రెయిలింగ్, మధ్యలో కూల్‌డ్రింకు బడ్డీ ఏవీ ఊహించుకోకండి. పాత మెట్ల దారి ఉంటుంది, మెట్లు కొన్ని చోట్ల ఉంటాయి, కొన్ని చోట్ల పొదల్లో కలిసిపోతాయి. ఒకచోట బాట రెండుగా చీలితే ఏది పశువుల బాటో, ఏది కోట బాటో మీకు తెలియదు. ఊళ్లో పశువులు తోలేవాళ్లూ, కట్టెలకు పోయేవాళ్లూ కొండను వీధిలా ఎరిగినవాళ్లే. ఒకరిని అడిగి వెంట తీసుకెళ్లండి. రోజు కూలీకి తగ్గకుండా ముందే మాట్లాడుకోండి, బేరమాడే చోటు కాదది. చుట్టూ అడవి కాబట్టి అటవీ శాఖ వాళ్లను ఒక మాట అడిగి బయల్దేరడం మేలు.

పైకి మూడు గంటలు పడుతుందనుకుని లెక్క వేసుకోండి. దిగడానికి రెండు. పైన తిరగడానికి రెండు. అంటే పొద్దున ఆరింటికి కొండ మొదట్లో ఉండాలి, దానికోసం ముందు రోజు రాత్రే ఉదయగిరిలోనో ఆత్మకూరులోనో పడుకోవాలి. నెల్లూరు నుంచి పొద్దున్నే టిఫిన్ చేసి తీరిగ్గా బయల్దేరేవాళ్లు కొండ దగ్గరికి చేరేసరికి పది దాటుతుంది. ఆ టైంలో మొదలుపెట్టి సగం నుంచి తిరిగొచ్చేవాళ్లే ఎక్కువ.

మనిషికి మూడు లీటర్ల నీళ్లు. పైన పాత గుంటలు, కోనేళ్లు ఉంటాయి గానీ ఆ నీళ్లు తాగే రకం కాదు. చెప్పులతో వద్దు, బూట్లు కావాలి. తుమ్మ ముళ్లు పల్చటి అడుగులోంచి దిగిపోతాయి. పెరుగన్నం కంటే పులిహోర నయం, ఎండకు పాడవదు.

పైకి చేరాక ఏముంటుంది? బురుజులు, వంకర తిరిగే గోడలు, కూలిన ద్వారాలు, గుళ్ల శిథిలాలు, గోల్కొండ కాలం నాటి మసీదు. పదిహేడో శతాబ్దపు పారశీక శాసనాలు ఉన్న కొండ ఇది. ఒకే చోట గజపతులు, రాయలు, నవాబులు వరసగా వదిలిపోయిన గుర్తులు కనిపిస్తాయి. బోర్డులేమీ ఉండవు కాబట్టి ఏది ఏ కాలందో మీరే తేల్చుకోవాలి. తూర్పున మెట్ట పొలాలు, చెరువులు, పడమర వెలికొండ వరసలు. ఏ దొర ఇక్కడ నిలబడినా ఎవరు వస్తున్నారో, ఏ దారిన వస్తున్నారో ముందు రోజే తెలిసిపోయేదని ఆ చూపుతోనే అర్థమవుతుంది.

కాలం గురించి ఇంకో మాట. ఉదయగిరి, కొండవీడు రెండూ రాయల చేతికి చిక్కింది జూన్ నెలలోనే, ఏడాది తేడాతో. మీరు మాత్రం జూన్‌లో పోకండి. మార్చి నుంచే ఆ బండలు సెగలు కక్కుతాయి. అక్టోబరు, నవంబరు మనకు వాన, తుపాన్ల కాలం. మెట్లు పాకుడు పట్టి జారతాయి. డిసెంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా సరైన అదను. సంక్రాంతి సెలవుల్లో పోతే గాలి చల్లగా, కొండ ఇంకా పచ్చగా ఉంటుంది.

కొండ ఎక్కకపోయినా

ఉదయగిరి పోయి కొండ ఎక్కకుండా రావడం నామోషీ ఏమీ కాదు. కిందే సగం రోజు గడిచిపోతుంది. రంగనాయకుల గుడి, కృష్ణాలయం మిగులు రాళ్లు, వాటి మీద చెక్కడాలు నిదానంగా చూడొచ్చు. బాలకృష్ణుడు వెళ్లిపోయిన ఊళ్లో ఆ గుడి దగ్గర నిలబడి ఎగ్మూరు మ్యూజియం సంగతి తలుచుకుంటే కాస్త చివుక్కుమంటుంది.

ఆ తర్వాత చెక్క గరిటెల పని చూడండి. ఉదయగిరి కొయ్య గరిటెలు, చెంచాలు, ఫోర్కులకు పేరు. చేసేది ఎక్కువగా ఇళ్లలో ఆడవాళ్లే. అడవి కొయ్య, దేవదారి, బిక్కి లాంటివి, ముక్కలుగా కోసి, బాడిసతో గరిటె ఆకారం తెస్తారు. గిన్నె భాగం లోపలి గుంట తీయడంలోనే పనితనం అంతా ఉంటుంది. ఒక దెబ్బ ఎక్కువైతే అడుగు పోతుంది. తర్వాత ఆకురాయి, చివర్లో ఉప్పు కాగితం. రంగు, వార్నిష్ ఉండవు, కొయ్య దాని రంగులోనే నున్నగా మెరుస్తుంది. నాన్‌స్టిక్ పాన్లు కొన్నవాళ్లకు ఇంతకంటే మంచి గరిటె దొరకదు. షాపులో కంటే చేసే ఇంట్లో కొంటే వాళ్లకూ నాలుగు డబ్బులు మిగులుతాయి.

చంద్రగిరి: ఎక్కువ సుఖం, తక్కువ కష్టం

ఇంట్లో పెద్దవాళ్లున్నారా, పిల్లకాయలు బళ్లో చరిత్ర పాఠం చదువుతున్నారా, అయితే ఇంకో ఆలోచన వద్దు, చంద్రగిరే. ఇక్కడ చూడాల్సింది చాలా మటుకు నేల మీదే ఉంది. రాజమహల్ మూడంతస్తుల కట్టడం. రాయి, ఇటుక, సున్నంతో కట్టారు, కొయ్య వాడలేదు. ఇప్పుడది పురావస్తు శాఖ మ్యూజియం, చుట్టుపక్కల దొరికిన విగ్రహాలు అందులో పెట్టారు. పక్కనే రాణీమహల్. వెనక నిటారుగా ఒక బండ కొండ, దాని మీద పాత కోట గోడలు. కింది నుంచి చూసినా తృప్తిగానే ఉంటుంది.

చరిత్ర కూడా తక్కువేం కాదు. సాళువ నరసింహుడికి ఆయువుపట్టు ఈ చంద్రగిరే. రాయల తమ్ముడు అచ్యుతదేవరాయలు రాజు కాకముందు ఇక్కడే నిర్బంధంలో ఉన్నాడు. రక్కసి తంగడి (తళ్లికోట) యుద్ధం తర్వాత రాజధాని పెనుకొండకు, అక్కడి నుంచి పదహారో శతాబ్దం చివర్లో ఇక్కడికి వచ్చింది. అంటే రాజ్యానికి రాజధానిగా ఉన్న ఊరు, సామ్రాజ్యానికే రాజధాని అయింది. 1639లో ఇంగ్లీషు కంపెనీకి మద్రాసులో కోట కట్టుకునే నేల ఇచ్చింది దామెర్ల వెంకటాద్రి నాయకుడు. దాన్ని ఖాయం చేస్తూ శ్రీరంగరాయలు 1645లో పత్రం ఇచ్చాడు. మనం పనుల కోసం పరుగెత్తే చెన్నై మహానగరం కథలో ఈ చిన్న ఊరికీ వాటా ఉంది. 1782లో హైదర్ అలీ పట్టుకున్నాక పదేళ్ల పాటు మైసూరు కింద నడిచింది.

లోపం చెప్పాలంటే, ఇక్కడ రాజధాని ఎందుకు పెట్టారన్న ప్రశ్న మీకు రాదు. తిరుపతి ట్రాఫిక్ మధ్య ఆ కోట తోటలో పెట్టిన బొమ్మలా చక్కగా సర్ది ఉంటుంది. శుభ్రం, పచ్చగడ్డి, సాయంత్రం పూట లైటింగ్ షో. బావుంటుంది, అంతే. శుక్రవారం పోకండి, పురావస్తు శాఖ మ్యూజియాలకు ఆ రోజు సెలవు. తిరుమల దర్శనం టోకెన్ సాయంత్రానికి ఉంటే పొద్దున చంద్రగిరి పెట్టుకోండి. దర్శనం అయ్యాక వద్దామనుకుంటే ఎవరికీ ఓపిక ఉండదు.

కొండవీడు: కారులో కోట

ఒంగోలు, అద్దంకి, చీరాల వాళ్లకు కొండవీడు పరాయిది కాదు. రెడ్డిరాజుల మొదటి రాజధాని అద్దంకి. ప్రోలయ వేమారెడ్డి అక్కడి నుంచి ఏలాడు, ఎర్రన హరివంశం అంకితమిచ్చింది ఆయనకే. ఆ తర్వాత అనపోతారెడ్డి కాలంలో రాజధాని కొండవీడుకు మారింది. శ్రీనాథుడు విద్యాధికారిగా వెలిగింది ఇక్కడే, పెదకోమటి వేమారెడ్డి కొలువులో. ఉదయగిరి పట్టాక ఏడాదికి, 1515 జూన్ 23న, రాయలు దీన్ని కూడా తీసుకున్నాడు. గజపతి కొడుకు వీరభద్రుడు ఇక్కడే పట్టుబడ్డాడు. గోల్కొండ కాలంలో ముర్తజానగరం అని పేరు మార్చారు గానీ ఆ పేరు నిలవలేదు.

దీని గొప్పదనం ఘాట్ రోడ్డు. పైదాకా కారు, బైకు పోతాయి. పైన ముత్యాలమ్మ, పుట్టలమ్మ, వేదుళ్ల చెరువులు. కొండ నెత్తిన మూడు చెరువులుంటే ముట్టడికి ఎందుకు భయపడరో మీ అబ్బాయికి వేరే చెప్పక్కర్లేదు. కింద కొత్తపాలెంలో గోపీనాథస్వామి గుడి ఉంది. దాన్ని జనం కత్తుల బావి అంటారు, దాని చుట్టూ ఒక భయంకరమైన కథ కూడా అల్లారు. వినడానికి బావుంటుంది, చరిత్ర కింద లెక్కెయ్యకండి.

ఆదివారం సాయంత్రం మాత్రం మానుకోండి. రోడ్డు సులువైన కొద్దీ బైకులు, స్పీకర్లు, చిప్స్ ప్యాకెట్లు కూడా సులువుగానే పైకి వస్తాయి. వారం మధ్యలో పొద్దున్నే పోతే అదే కొండ వేరే ఊరిలా ఉంటుంది.

పెనుకొండను ఈ పోలికలోంచి కావాలనే వదిలేశా. మంచి ఊరే, కానీ మన వైపు నుంచి రాష్ట్రం అడ్డంగా దాటి పోవాలి. బెంగళూరులో పిల్లలున్నవాళ్లు అటు పోయినప్పుడు చూసుకోవచ్చు.

మరి ఎవరికి ఏది

మోకాళ్ల నొప్పులున్న అమ్మ, ఐదేళ్ల పాప, ఒక్కటే రోజు సెలవు: చంద్రగిరి. ఒంగోలు నుంచి కాలేజీ కుర్రాళ్లు రెండు బైకుల మీద: కొండవీడు, అదీ పొద్దున్నే. పొద్దున వాకింగ్‌కు పోతూ ‘నాకు ట్రెక్కింగ్ ఇష్టం’ అనేవాళ్లు ఉదయగిరి పోయేముందు కొండవీటి పాత మెట్ల దారిలో ఒకసారి ఎక్కి చూసుకోవడం మంచిది. అక్కడ ఆయాసం వస్తే రోడ్డెక్కి దిగొచ్చు, ఉదయగిరిలో ఆ అవకాశం లేదు.

బళ్ల టూర్ల విషయంలో నాకొక అభిప్రాయముంది. మన జిల్లా బళ్లు ఏటా బస్సులు కట్టించుకుని దూరపు ఊళ్లకు పోతాయి. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లకాయల్ని ఉదయగిరి తెచ్చి, కొండ ఎక్కించకుండానే, కింద గుళ్లు చూపించి, గరిటెలు చేసే ఇంటికి తీసుకెళ్లి, రాయల ముట్టడి కథ కొండను చూపిస్తూ చెప్తే చాలు. డీజిలు ఖర్చు కూడా సగమే. దగ్గరున్నది టూరు కాదన్న నమ్మకం టీచర్లలోనే ఎక్కువ.

చరిత్ర మీద నిజంగా ఆసక్తి ఉన్నవాళ్లకు, కాళ్లలో సత్తువ ఉన్నవాళ్లకు ఉదయగిరిని రెండు రోజులు చేయమంటా. మొదటి రోజు మధ్యాహ్నానికి చేరి గుళ్లు, గరిటెలు చూసి, మనిషిని మాట్లాడుకుని తొందరగా పడుకోవాలి. రెండో రోజు తెల్లవారుజామున కొండ, మధ్యాహ్నం ఒంటిగంటకల్లా కిందికి. ఇంకో పూట మిగిలితే రెండు దారులున్నాయి. ఒకటి సీతారాంపురం మీదుగా కొండ దాటి పోరుమామిళ్ల చెరువు కట్ట, దాని శాసనం. రెండోది సీఎస్ పురం మండలంలో భైరవకోన. అక్కడ ఒకే కొండ రాతిలో ఎనిమిది శివాలయాలు తొలిచారు, పక్కనే జలపాతం. వానాకాలం వెళ్లాక జనవరి దాకా నీళ్లు బాగా పడితే భైరవకోనే మేలు. ఎండిన ఏడాదైతే పోరుమామిళ్ల పోండి, శాసనానికి నీళ్లతో పని లేదు.

పెన్న వైపు నుంచి తిరిగొచ్చేవాళ్లకు ఆత్మకూరు దగ్గర దారి చీలి సోమశిల పోవచ్చు, ఏఎస్ పేట దర్గా కూడా ఆ చుట్టుపక్కలే. కానీ కొండ దిగిన కాళ్లతో అన్నీ ఒకే రోజులో కుక్కకండి. సంగం బ్యారేజీ దగ్గర ఆగి ఒక టీ తాగి ఇంటికి పోవడమే ఎక్కువ.